స్కోరెంత అత్తయ్యా?

మ్యాచ్ ఉన్న రోజున మన ఇళ్ళల్లో టీవీ దగ్గర జరిగే యుద్ధం అంతా ఇంతా కాదు. సీరియల్ కావాలని మనం, బొమ్మల సినిమా కావాలని పిల్లలు, క్రికెట్ కావాలని మగవాళ్ళు! చివరికి రిమోట్ ఎవరి చేతికి చిక్కితే వాళ్ళదే రాజ్యం. ఈ గొడవంతా జరుగుతున్నప్పుడు ఓ మూల కుర్చీలో కూర్చుని, నోరు విప్పి ఏమీ అడగకుండా, తెరవంకే ఆశగా చూస్తుండే పెద్ద ప్రాణం ఒకటి చాలా ఇళ్ళల్లో ఉంటుంది. తాతగారు కావచ్చు, నాయనమ్మ కావచ్చు.

"ఈ వయసులో వీళ్ళకి క్రికెట్ ఎందుకండీ, కృష్ణా రామా అనుకోక!" అనే మాట మీరూ వినే ఉంటారు. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. తోటివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయి, ఉద్యోగం పోయి, పిల్లలు తలోచోటా స్థిరపడ్డాక, పాతికేళ్ళ వయసునాటి ఇష్టాల్లో పెద్దవాళ్ళకి మిగిలేవి ఎన్ని? చాలామందికి ఆట ఒక్కటే మిగులుతుంది. అది కాలక్షేపమని మనం అనుకుంటాం. వాళ్ళకి అది తాము బతికిన కాలం.

నిన్నటిది మరుపు, మొన్నటిది గుర్తు

పొద్దున్న బి.పి. మాత్ర వేసుకున్నారా అంటే "వేసుకున్నానా?" అని మననే ఎదురు అడుగుతారు. కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతారు. అదే మనిషిని 1971లో ఓవల్ టెస్టు ఎలా గెలిచామని అడిగి చూడండి. "చంద్రశేఖర్ 38 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీశాడు. గెలుపు పరుగులు కొట్టింది మన హైదరాబాద్ ఆబిద్ అలీ" అని తడుముకోకుండా చెప్తారు. మనకి ఒళ్ళు మండుతుంది. "ఇవన్నీ గుర్తుంటాయి, చెప్పిన పని మాత్రం గుర్తుండదు" అని సణుక్కుంటాం.

పాపం, ఇందులో వాళ్ళ తప్పేం లేదు. మనిషికి పదేళ్ళ నుంచి ముప్ఫై ఏళ్ళ లోపు జరిగినవి ముసలితనంలో కూడా బాగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రం చదివినవాళ్ళు చెప్తారు. చదువు, మొదటి జీతం, పెళ్ళి, తొలి కాన్పు... అన్నీ ఆ వయసులోవే కదా! గోడకి మేకు ఉంటే చొక్కా తగిలిస్తాం చూడండి, ఆ రోజుల్లోని ఒక్కో మ్యాచ్ అలాంటి మేకు. దానికి ఆ ఏడాది కథంతా తగిలించి ఉంటుంది. మ్యాచ్ పేరు చెప్తే చాలు, అప్పటి అద్దె ఇల్లు, ఆ ఇంటి ఓనరు, అప్పుడే పుట్టిన బిడ్డ, బియ్యం ధర అన్నీ వరసగా బయటికొస్తాయి.

స్కాట్లండ్‌లో ఈ సంగతి గుర్తించి, మతిమరుపు జబ్బు ఉన్న వృద్ధులకి పాత ఫుట్‌బాల్ ఆటగాళ్ళ ఫొటోలు చూపించి కబుర్లు చెప్పించే బృందాలు పెట్టారు. దాంతో జబ్బు నయమవుతుందని కాదు. ఆ కాసేపు వాళ్ళ మొహంలో వెలుగొస్తుంది, మాట కలుస్తుంది. మన ఇంట్లో అయితే దానికి బృందాలూ అక్కర్లేదు, ఖర్చూ లేదు. మనం ఓ పావుగంట పక్కన కూర్చుంటే చాలు.

రేడియో చుట్టూ ఊరంతా

ఈనాటి పిల్లలు ఫోన్లో స్కోరు చూసుకుంటున్నారు. మన పెద్దవాళ్ళ రోజుల్లో రేడియో ఉన్న ఇల్లు వీధికి ఒకటో రెండో! దానికీ పోస్టాఫీసులో ఏడాదికోసారి లైసెన్సు డబ్బు కట్టాలి. మర్ఫీయో ఫిలిప్సో బల్ల మీద ఠీవిగా కూర్చునేది. దానికి అల్లికల గుడ్డ కప్పడం, దుమ్ము దులపడం ఆడవాళ్ళ పని. మీట తిప్పే హక్కు మాత్రం ఇంటి యజమానిది!

కామెంటరీ కాసేపు ఇంగ్లీషులో, కాసేపు హిందీలో వచ్చేది. ఇంగ్లీషులో పియర్సన్ సురీటా, దేవరాజ్ పురి, అనంత్ సెతల్వాడ్... హిందీలో జస్దేవ్ సింగ్, రవి చతుర్వేది, సుశీల్ దోషి. ఈ పేర్లు మీ ఇంట్లో పెద్దాయన దగ్గర ఎత్తి చూడండి, మొహం విచ్చుకోకపోతే అడగండి. బంతి కంటితో చూసింది లేదు, అయినా ప్రతి బంతీ కళ్ళకి కట్టినట్టు ఉండేదంటారు. కిళ్ళీ కొట్టు దగ్గర పలక మీద సుద్దముక్కతో స్కోరు రాసేవాళ్ళు. ఆఫీసులో ట్రాన్సిస్టర్ని సొరుగులో పెట్టుకుని, చెవి సొరుగుకీ కన్ను ఫైలుకీ అప్పగించిన గుమాస్తాలు ఎంతమందో!

ఒక్కోసారి ఆ జ్ఞాపకాలే ఆధారం కూడా. 1983 ప్రపంచ కప్పులో జూన్ 18న జింబాబ్వే మీద మనవాళ్ళు 17 పరుగులకే అయిదు వికెట్లు పోగొట్టుకుంటే, కపిల్‌దేవ్ 175 పరుగులు కొట్టి ఔటవకుండా నిలబడ్డాడు. ఆ రోజు ఆ ఆట చిత్రీకరణే జరగలేదు. ఇప్పుడు ఎంత వెతికినా ఎక్కడా దొరకదు. వారం తిరిగేసరికి జూన్ 25న ఫైనల్లో మనం 183 పరుగులే చేసి, వెస్టిండీస్‌ని 140కి కట్టడి చేసి కప్పు గెలిచాం. ఆ వారమంతా ఇంట్లో ఎలా గడిచిందో చెప్పాలంటే పెద్దవాళ్ళే చెప్పాలి.

మనవాడు ఆడుతున్నాడు!

అభిమానంలో రెండు ముడులు ఉంటాయి. ఒకటి దేశం, రెండోది 'మనవాడు'. ఈ రెండో ముడి మన తెలుగువాళ్ళకి మరీ గట్టిది.

1932లో మన దేశం మొట్టమొదటి టెస్టు ఆడినప్పుడు కెప్టెన్ సి.కె. నాయుడు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. ఆ తరం వాళ్ళు ఆయన సిక్సర్ల గురించి చెప్తుంటే పురాణం విన్నట్టే ఉండేదట. తర్వాత ఆఫ్ స్పిన్నర్ గులాం అహ్మద్, ఆ తర్వాత జైసింహ. చొక్కా కాలరు పైకెత్తి, ఎంతో సొగసుగా నడిచి వచ్చే జైసింహని చూడటానికే జనం వెళ్ళేవారంటారు. 1968 జనవరిలో జట్టులో ఆటగాళ్ళు దెబ్బలతో తగ్గిపోతే, ఆయన్ని ఇక్కణ్ణించి ఆస్ట్రేలియా పిలిపించారు. విమానం దిగి, వెంటనే బ్రిస్బేన్ టెస్టులో 74, 101 పరుగులు చేశాడు. మ్యాచ్ మాత్రం 39 పరుగుల తేడాతో ఓడిపోయాం. "ఇంకొక్కడు నిలబడి ఉంటేనా..." అని ఇప్పటికీ నిట్టూర్చే పెద్దలున్నారు.

హైదరాబాద్ వాళ్ళయితే ఫతేమైదాన్ మాట ఎత్తుతారు. ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియమే అది. 1955లో అక్కడే న్యూజిలాండ్ మీద పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేశాడు. టెస్టుల్లో మనవాడొకడు రెండు వందలు దాటడం అదే మొదలు. రంజీ ట్రోఫీ హైదరాబాద్‌కి వచ్చింది రెండే రెండుసార్లు... 1937-38లో ఒకసారి, మళ్ళీ 1986-87లో. అంటే ఒక మనిషి పుట్టి, పెళ్ళాడి, పిల్లల్ని కని, వాళ్ళకి పెళ్ళిళ్ళు చేసేంత కాలం కాసుకుని కూర్చున్నారన్నమాట! విశ్వాసమంటే అదీ.

ఆ విశ్వాసానికి దెబ్బ తగిలిన రోజులూ లేకపోలేదు. అజహరుద్దీన్ 1984-85లో ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ మూడు సెంచరీలు కొట్టినప్పుడు, ఆ కుర్రాడు మన ఇంటి పిల్లాడే అన్నంతగా మురిసిపోయారు. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణల మీద బోర్డు అతన్ని జీవితకాలం నిషేధించింది. ఆ నిషేధం చెల్లదని 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది. తీర్పులు ఎలా ఉన్నా, ఆ మధ్య పన్నెండేళ్ళూ అభిమానులు ఎటూ తేల్చుకోలేక నలిగిపోయారు. కొందరు అతని పేరెత్తడం మానేశారు, కొందరు ఆటే మానేశారు. ఇంట్లో బిడ్డ మీద నింద పడితే తల్లి ఎలా ఉంటుందో అలాగే ఉన్నారు. అది మనకి చిన్న విషయంలా కనిపించొచ్చు. వాళ్ళకి అది నిజంగా దుఃఖం.

అటువంటి వాళ్ళని మళ్ళీ కుర్చీలోకి లాక్కొచ్చిందీ ఒక హైదరాబాదీయే. 2001 మార్చిలో కోల్‌కతా టెస్టులో ఫాలో ఆన్ ఆడుతూ లక్ష్మణ్ 281 పరుగులు చేశాడు. ఒక రోజంతా అతనూ ద్రవిడ్ ఔటవకుండా ఆడారు. వరసగా పదహారు టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా ఓడిపోయింది.

మరో ముచ్చట చెప్పనా? 1971లో ఓవల్లో గెలుపు పరుగులు కొట్టిన ఆబిద్ అలీ 2025 మార్చిలో కన్నుమూశాడు. ఆ ఏడాదే ఆగస్టు 4న, అదే ఓవల్లో, ఆఖరి వికెట్ పడగొట్టి ఆరు పరుగుల తేడాతో మనల్ని గెలిపించింది సిరాజ్. ఇద్దరూ హైదరాబాద్ వాళ్ళే! మధ్యలో 54 ఏళ్ళు. ఆ రెండు రోజులూ చూసిన, విన్న మనిషి మీ ఇంట్లో ఉంటే, ఆ రెంటినీ కలిపి చెప్పగలిగేది వాళ్ళొక్కరే.

అవతలివాడూ మనవాడే

అభిమానం ఉన్నచోట పోటీ ఉంటుంది. పాకిస్తాన్‌తో మ్యాచ్ అంటే ఇప్పటికీ వీధులు ఖాళీ అవుతాయి. 1986 ఏప్రిల్ 18న షార్జాలో ఆఖరి బంతికి నాలుగు పరుగులు కావలసి ఉండగా, చేతన్ శర్మ వేసిన బంతిని మియాందాద్ సిక్సర్ కొట్టాడు. ఆ రాత్రి వండిన అన్నం వండినట్టే ఉండిపోయిన ఇళ్ళు ఎన్నో! మర్నాడు పొద్దున్న దాన్ని పులిహోర కలిపింది మన అమ్మలే కదా.

అయితే పెద్దవాళ్ళ దగ్గర కూర్చుంటే ఈ పోటీలో ఇంకో కోణం కనిపిస్తుంది. పాకిస్తాన్ కెప్టెన్‌గా 1979-80లో మన దేశానికి వచ్చిన ఆసిఫ్ ఇక్బాల్ పుట్టింది హైదరాబాద్‌లోనే. మన గులాం అహ్మద్‌కి స్వయానా మేనల్లుడు! 1961లో కుటుంబంతో అక్కడికి వెళ్ళిపోయాడు. "వాడు కొడితే ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు" అనే మాట పాత హైదరాబాదీల నోట వింటాం. గెలుపోటములు చూసీ చూసీ, అవతలివాడి ఆటనీ మెచ్చుకునే గుణం పెద్దవాళ్ళకి వస్తుంది. టీవీ ముందు నోటికొచ్చినట్టు తిట్టే మన పిల్లలు వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది ఇదే.

1996 మార్చి 13న కోల్‌కతాలో శ్రీలంకతో సెమీఫైనల్ ఓడిపోతుంటే జనం సీసాలు విసిరి, మంటలు పెట్టి, ఆట ఆపేయించారు. కాంబ్లీ ఏడుస్తూ బయటికి రావడం టీవీలో చూసినవాళ్ళు మర్చిపోలేరు. "ఓడిపోయినందుకు కాదు, అలా ప్రవర్తించినందుకు సిగ్గేసింది" అంటారు నిజమైన అభిమానులు.

వంటింట్లోంచి విన్న ఆట

ఇంతవరకూ చెప్పింది చదివి, "ఇదంతా మగవాళ్ళ సంగతి కదా" అంటారేమో. అక్కడే ఉంది అసలు విషయం. రేడియో హాల్లో ఉండేది, మగవాళ్ళు దాని చుట్టూ ఉండేవాళ్ళు. మరి లోపల ఆడవాళ్ళకి చెవులు లేవా?

మా అత్తగారికి డెబ్భై అయిదు దాటాయి. తెనాలిలో కొత్త కోడలిగా అడుగుపెట్టిన ఏడాదే 1971. ఆగస్టు 24 వినాయక చవితి. వంటింట్లో ఆవిడ ఉండ్రాళ్ళ పిండి కలుపుతోంది, అక్కడ ఓవల్లో మనవాళ్ళు గెలుపుకి దగ్గరవుతున్నారు. లండన్లో ఆ మైదానానికి ఏనుగుని కూడా తీసుకొచ్చారని తర్వాత పేపర్లో చదివి, "మన వినాయకుడే వెళ్ళాడే!" అనుకున్నారట అత్తాకోడళ్ళు.

మా మామగారికి, ఆయన స్నేహితులకి ఇంగ్లీషు వచ్చు, హిందీ రాదు. అత్తయ్య పెళ్ళికి ముందు హిందీ ప్రచార సభ వాళ్ళ రాష్ట్రభాష పరీక్ష పాసైంది. హిందీ కామెంటరీ రాగానే హాల్లోంచి కేక వచ్చేది, "ఏమంటున్నాడే?" అని. ఆవిడ పొయ్యి ముందు నుంచే "విశ్వనాథ్ నాలుగు కొట్టాడుట" అని చెప్పేది. అంత చెప్పినా, లోపలికి వచ్చి కూర్చోమని ఎవరూ అనలేదు. ఆవిడా అడగలేదు. చేతిలో అట్లకాడ, చెవి హాల్లో. అలా పదేళ్ళకు పైగా ఆట విన్నది.

మామగారు పోయాక ఒకరోజు మ్యాచ్ చూస్తూ, "మీకు ఎవరంటే ఇష్టం అత్తయ్యా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయనకి గవాస్కర్. ఇంట్లో గవాస్కర్ పేరే వినపడాలి. నాకు మాత్రం విశ్వనాథ్. ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు" అంది. నలభై ఏళ్ళు కాపరం చేసి, ముగ్గురు పిల్లల్ని పెంచి, ఎవరంటే ఇష్టమో చెప్పలేదు! ఎందుకని అడిగితే, "అడిగితే కదా" అంది.

ఇక ఆ రోజు మొదలు, విశ్వనాథ్ కబుర్లే కబుర్లు. 1969లో కాన్పూరులో మొదటి టెస్టు, మొదటి ఇన్నింగ్స్‌లో సున్నా, రెండో ఇన్నింగ్స్‌లో 137. 1975 జనవరి, సంక్రాంతి రోజులు, మద్రాసు టెస్టు... వెస్టిండీస్ రాబర్ట్స్ ఏడు వికెట్లు తీసి హడలెత్తిస్తుంటే, పొట్టివాడైన విశ్వనాథ్ ఒక్కడే నిలబడి 97 పరుగులు చేశాడు. అవతల ఆడేవాళ్ళు అయిపోయారు గానీ అతను ఔట్ కాలేదు. మూడు పరుగులు తక్కువై సెంచరీ రాలేదు. మ్యాచ్ మాత్రం గెలిచాం. "అరిసెలు వత్తుతూ విన్నాను. సెంచరీ కాలేదని నేను ఏడిస్తే, పొగ కళ్ళల్లోకి పోయిందనుకున్నారు" అని నవ్వింది.

ఆవిడకి అన్నిటికన్నా ఇష్టమైంది మాత్రం ఓడిపోయిన మ్యాచ్! 1980 ఫిబ్రవరిలో బొంబాయిలో ఇంగ్లండ్‌తో జూబిలీ టెస్టు. కెప్టెన్ విశ్వనాథ్. బాబ్ టేలర్ని అంపైర్ ఔటిచ్చాడు. బంతి బ్యాటుకి తగల్లేదని టేలర్ అనడంతో విశ్వనాథ్ అతన్ని వెనక్కి పిలిచి ఆడించాడు. అతనూ బోథమ్ నిలదొక్కుకున్నారు, మనం ఓడిపోయాం. "గెలవడం కోసం అబద్ధాన్ని ఎలా ఒప్పుకుంటాడు?" అంటుంది అత్తయ్య. మామగారు ఆ రోజు విశ్వనాథ్‌ని తిట్టిపోశారట. ఆవిడ నోరెత్తలేదు గానీ, ఆ పూట ఆయనకి మజ్జిగలో ఉప్పు వెయ్యలేదట!

ఇందులో కొసమెరుపు వినండి. గవాస్కర్ తన కొడుక్కి రోహన్ జైవిశ్వ అని పేరు పెట్టుకున్నాడు. రోహన్ కన్హాయ్, జైసింహ, విశ్వనాథ్... తనకిష్టమైన ముగ్గురి పేర్లు కలిపి! పైగా గవాస్కర్ చెల్లెలు కవితని పెళ్ళి చేసుకుని విశ్వనాథ్ ఆ ఇంటి అల్లుడయ్యాడు. అంటే హాల్లోనూ వంటింట్లోనూ వేరువేరుగా సాగిన పోటీలో, ఆ ఆటగాళ్ళిద్దరూ ఎప్పుడో చుట్టాలైపోయారన్నమాట. ఇది చెప్తే అత్తయ్య, "ఆయన ఉండగా చెప్పి ఉంటే బాగుండేది, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం" అంది. మా దగ్గర ఆ మాటకి జవాబు లేదు.

మన దేశంలో ఆడవాళ్ళు మొదటి టెస్టు ఆడింది 1976లో. అప్పుడు ఎందరికి తెలుసు? 1999లో పదహారేళ్ళ మిథాలీ రాజ్ హైదరాబాద్ నుంచి వెళ్ళి మొదటి మ్యాచ్‌లోనే 114 కొట్టి ఔటవకుండా నిలిచింది. 2005లో ఫైనల్ ఓడిపోయాం. 2017లో లార్డ్స్‌లో తొమ్మిది పరుగుల తేడాతో మళ్ళీ ఓడిపోయాం. 2025 నవంబరు 2న నవీ ముంబైలో దక్షిణాఫ్రికా మీద 52 పరుగులతో గెలిచి, ప్రపంచ కప్పు పట్టుకున్నారు మన అమ్మాయిలు. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. వానవల్ల ఆట ఆలస్యమై అర్ధరాత్రి దాకా సాగింది. అత్తయ్య కుర్చీలోంచి కదల్లేదు. గెలిచినప్పుడు ఏడవలేదు గానీ, ఆ అమ్మాయిలు కప్పు తీసుకెళ్ళి, ఎప్పుడూ దాన్ని అందుకోలేకపోయిన మిథాలీ, ఝులన్‌ల చేతుల్లో పెట్టినప్పుడు మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎందుకో మీకు వేరే చెప్పాలా?

గుండె జాగ్రత్త

అభిమానం మంచిదే గానీ, వయసు మీదపడ్డవాళ్ళ విషయంలో కాస్త కనిపెట్టుకుని ఉండాలి. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతంలో డాక్టర్లు లెక్కలు తీశారు. తమ దేశం ఆడిన రోజుల్లో గుండె జబ్బుతో అత్యవసరంగా వైద్యం కావలసి వచ్చినవాళ్ళు మామూలు రోజులకన్నా రెండున్నర రెట్లకి పైగా ఉన్నారట. మగవాళ్ళలో మూడు రెట్లు దాటింది. ఆడవాళ్ళలోనూ రెట్టింపుకి కాస్త తక్కువ. అంతకుముందే గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ప్రమాదం మరీ ఎక్కువ. అందుకని మ్యాచ్ చూడొద్దని పెద్దవాళ్ళని నిర్బంధించకండి. చూడనివ్వకపోతే ఆ బాధ ఇంకా ఎక్కువ. ఈ చిన్న జాగ్రత్తలు పాటిస్తే చాలు.

* మాత్రల వేళని మ్యాచ్ వేళతో ముడిపెట్టండి. "టాస్ వేసే లోపు బి.పి. మాత్ర" అంటే వాళ్ళకీ గుర్తుంటుంది.

* షుగర్ ఉన్నవాళ్ళకి అన్నం వేళ దాటనివ్వకండి. "ఈ ఓవర్ అయ్యాక" అంటూనే గంట గడిచిపోతుంది. కంచం అక్కడికే తీసుకెళ్ళి ఇవ్వండి.

* చిప్స్, మిక్చరు, అప్పడాలు లాంటి ఉప్పు సరుకులు దగ్గర పెట్టకండి. ఉడికించిన శనగల గుగ్గిళ్ళలో ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి ఇవ్వండి. లేదా మరమరాలు, కాసిని వేరుశనగలు, కొత్తిమీర కలిపి ఉప్పు తక్కువ వేసి చేసుకోవచ్చు. పళ్ళు లేనివాళ్ళకి అటుకులు నానబెట్టి పెరుగు కలిపి పోపు వేస్తే మెత్తగా హాయిగా తింటారు.

* వికెట్ పడుతుందేమోనని ఉచ్చకి కూడా లేవకుండా బిగబట్టుకుని కూర్చుంటారు. లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు. రెండూ చెరుపే. గంటకోసారి లేపి నాలుగడుగులు వేయించండి. బాత్రూంకి వెళ్ళే దారిలో చాపలు, వైర్లు, పిల్లల బొమ్మలు లేకుండా చూడండి. రాత్రి మ్యాచ్ అయితే ఓ చిన్న లైటు వెలగనివ్వండి.

* సరిగా వినపడనివాళ్ళ కుర్చీ టీవీకి దగ్గరగా జరపండి. అరిచి చెప్పడం కన్నా అది నయం.

* ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు పట్టడం, ఆయాసం లాంటివి కనిపిస్తే "మ్యాచ్ అయ్యాక చూద్దాం" అనకండి. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

అడిగి చూడండి

పెద్దవాళ్ళని కదిలించడానికి పెద్ద పెద్ద ప్రశ్నలు అక్కర్లేదు. "మీ కాలంలో ఎలా ఉండేది?" అంటే "ఏముందమ్మా, బాగానే ఉండేది" అని ఊరుకుంటారు. ఫలానా అని అడగాలి. "83లో కప్పు గెలిచినప్పుడు మనం ఏ ఇంట్లో ఉన్నాం? పక్కన ఎవరున్నారు? ఆ రోజు ఏం వండారు?" అనండి. అప్పుడు చూడండి తమాషా! చెప్తున్నప్పుడు అంకె తప్పితే ఫోన్లో చూసి దిద్దబోకండి. మనకి కావలసింది స్కోరు కాదు, మనిషి.

పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి తీసి, వాళ్ళు చెప్పినవి రాసి పెట్టించండి. తాతయ్య చెప్తుంటే మనవడు రాయాలి. మనవడికి తెలుగు రాయడం వస్తుంది, తాతయ్యకి వినేవాళ్ళు దొరుకుతారు. ఒకే దెబ్బకి రెండు పిట్టలు! పెద్దావిడ ఉన్న ఇంట్లో అయితే ఆవిణ్ణి ముందు అడగండి. చాలా ఇళ్ళల్లో ఆ పుస్తకంలో మొదటి పేజీ ఎప్పుడూ మగవాళ్ళదే అయింది.

ఒక మాట. మ్యాచ్ చూసే పెద్దవాళ్ళకి టిఫిన్లు, కాఫీలు అందించే పని మళ్ళీ మన ఒక్కరి నెత్తినే పడుతుందనే భయం అక్కర్లేదు. ఇంట్లో మగపిల్లలకి ఇన్నింగ్స్‌కి ఒకరు చొప్పున వంతులు వెయ్యండి. టాస్ వేసి వెయ్యండి, సరదాగా చేస్తారు. ఆ విరామంలో మనమూ కాసేపు కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు. ఆట తెలియకపోతే పక్కనున్న పెద్దవాళ్ళే నేర్పుతారు. నేర్పడంలో వాళ్ళకున్న సంతోషం చూసి తీరాల్సిందే.

రేడియో పోయి టీవీ వచ్చింది, టీవీ పోయి ఫోను వచ్చింది. స్కోరు తెలుసుకోవడానికి ఇవాళ ఎవరినీ అడగక్కర్లేదు. అయినా సరే, ఈసారి మ్యాచ్ ఉన్న రోజున వంటింట్లోంచి ఒక్క కేక వెయ్యండి, "స్కోరెంత అత్తయ్యా?" అని. స్కోరు మీకు తెలిసినా సరే, అడగండి. ఆ జవాబు చెప్పడానికి ఆవిడ ఎన్నేళ్ళ నుంచి కాచుకుని ఉందో మనకేం తెలుసు!